రొమ్ము ఆపరేషన్ తర్వాత అమ్మకి తోడుగా ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి

ఆపరేషన్ రాజమండ్రిలో, కీమో కాకినాడలో, రేడియేషన్ విశాఖలో, మధ్యలో జ్వరమొస్తే చూసేది ఊళ్ళో ఆర్ఎంపీ గారు. కోనసీమ లంకల్లోనూ, నరసాపురం, భీమవరం వైపూ చాలా ఇళ్ళలో రొమ్ము కేన్సర్ వైద్యం ఇలాగే నాలుగు చోట్ల నడుస్తుంది. సర్జన్ గారు చెప్పింది కీమో డాక్టరు గారికి తెలిసే ఉంటుందిలే అనుకుంటాం. చాలాసార్లు తెలియదు. వీళ్ళందరి దగ్గరా అమ్మ పక్కన కూర్చునే మనిషి మాత్రం ఒక్కరే: కూతురో, కొడుకో, కోడలో. ఆ కాగితాల్నీ ఆ మాటల్నీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి తేడా రాకుండా చేర్చడమే తోడు వెళ్ళేవాళ్ళ అసలు పని. అది ఎలా చెయ్యాలో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఫైలు

ఒక గట్టి ఫైలు, అందులో పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లు ఒక ఇరవై కొనండి. అన్నిటికంటే పైన ఒక తెల్లకాగితం ఎప్పుడూ ఉండాలి. దాని మీద పెద్ద అక్షరాలతో అమ్మ పేరు, వయసు, ఆపరేషన్ ఎడమ వైపా కుడి వైపా, తేదీ, రొమ్ము మొత్తం తీశారా గడ్డ వరకే తీశారా, చంకలో గ్రంథులు తీశారా లేదా రాయండి. దాని కింద బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రల పేర్లు మోతాదుతో సహా, పడని మందులు, రక్తం గ్రూపు, ఇద్దరి ఫోన్ నంబర్లు. ఈ కాగితానికి అయిదు జిరాక్సులు తీయించి, ఒకటి అమ్మ పర్సులో పెట్టండి. అర్ధరాత్రి క్యాజువాలిటీలో మీరు కంగారుగా చెప్పే పది మాటల కంటే డ్యూటీ డాక్టరుకి ఆ ఒక్క కాగితం ఎక్కువ పనికొస్తుంది.

తర్వాతి కవర్లలో ఆపరేషన్‌కి ముందు చేసిన బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టు, స్కానింగ్ రిపోర్టులు ఉండాలి. ఆపరేషన్ నోట్స్ అడగకుండా ఇచ్చేవాళ్ళు తక్కువ, కాబట్టి డిశ్చార్జి రోజునే అడగండి. ఎక్కడైనా ఒరిజినల్ చూపించి జిరాక్సు ఇవ్వండి. ఈసీజీ లాంటివి వేడికి చెరిగిపోయే కాగితం మీద వస్తాయి, వాటిని అదే రోజు జిరాక్సు తీయాలి. మన చెమ్మకి ఎక్స్‌రే ఫిల్ములు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మధ్యన పేపరు పెట్టండి.

ఫైలుతో పాటు ఒక పొడుగు నోటుపుస్తకం. ఎడమ పేజీలో ఇంట్లో గమనించినవి: జ్వరం, నొప్పి, డ్రెయిన్ (గాయం దగ్గర నీరు లాగే గొట్టం) లెక్క, తిండి, విరేచనం. కుడి పేజీలో డాక్టరు గారు చెప్పినవి, తేదీతో. రెండూ కలిపి రాస్తే అసలు సమయానికి ఏదీ దొరకదు.

ఆరోగ్యశ్రీ మీద, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నదాని మీద, వైద్యం చేయించుకుంటుంటే ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు ఇంకో కవర్లో పెట్టుకోండి. ముందు అనుమతి వస్తేనే ఈ పథకంలో వైద్యం మొదలవుతుంది. అందుకని ఆసుపత్రి వదిలే ముందు కౌంటర్లో ఉండే వైద్యమిత్రని ఒకే ప్రశ్న అడగండి: "వచ్చేసారికి ఏ కాగితం కావాలి?" ఒక్క రిపోర్టు తక్కువై అమలాపురం నుంచి మళ్ళీ వెళ్ళి రావడమంటే అమ్మకి ఒక రోజంతా ఒంటినొప్పులు.

డ్రెయిన్ ఉన్నన్నాళ్ళు

రొమ్ము మొత్తం తీసినా, చంకలో గ్రంథులు తీసినా చర్మం కింద ఖాళీలో నీరు చేరుతుంది. దాన్ని బయటికి లాగడానికే గొట్టం పెడతారు. గొట్టం చివర చేతిలో పట్టే బల్బు గానీ, హార్మోనియం తిత్తిలా మడతలు పడే డబ్బా గానీ ఉంటుంది. సాధారణంగా వారం నుంచి రెండు వారాలు ఉంచుతారు, అమ్మ ఇంటికొచ్చేటప్పటికి చాలాసార్లు అది ఒంటి మీదే ఉంటుంది.

రోజుకి రెండుసార్లు, ఉదయం ఏడుకీ సాయంత్రం ఏడుకీ అనుకోండి, చేతులు సబ్బుతో కడుక్కుని మూత తీసి, గీతలున్న కొలత గ్లాసులోకి వంపండి. డబ్బా మీది గీతలు ఉజ్జాయింపే. ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో రాయండి. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, ఆ తర్వాత లేత పసుపుగా మారాలి. వంపేశాక డబ్బాని పూర్తిగా నొక్కి, ఆ నొక్కు వదలకుండానే మూత పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. నొక్కకుండా మూత పెడితే లాగే శక్తి ఉండదు, నీరు లోపలే నిలుస్తుంది. మీరు మాత్రం "నీరు తగ్గింది" అని రాసుకుంటారు, ఆ లెక్క చూసి డ్రెయిన్ తీసేస్తారు, నాలుగు రోజులకి చంక ఉబ్బుతుంది.

ఇరవై నాలుగు గంటల మొత్తం సుమారు 30 మిల్లీలీటర్ల లోపు వరసగా రెండు రోజులు ఉంటే తీయడం మామూలు. కొందరు సర్జన్లు 20 అంటారు. మీ సర్జన్ గారి లెక్క ఏదో ముందే అడిగి రాసుకోండి.

నీరు ఒక్కసారిగా ఆగిపోయి కట్టు తడుస్తుంటే గొట్టంలో గడ్డకట్టి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు. మడత ఉంటే సరిచెయ్యండి. గొట్టాన్ని పైనుంచి కిందకి వేళ్ళతో నొక్కి జారవియ్యడం నర్సు గారు మీకు చేసి చూపించి ఉంటే అలా చెయ్యండి, లేకపోతే ఫోన్ చెయ్యండి. పసుపుగా వచ్చేది మళ్ళీ ముదురు ఎరుపై డబ్బా గబగబా నిండితే, చీములా చిక్కగా వాసన వస్తే, గొట్టం కుట్టు ఊడి బయటికి జారితే అదే రోజు తీసుకెళ్ళాలి. జారిన గొట్టాన్ని లోపలికి తోయకండి.

డబ్బా వేలాడితే గొట్టం చర్మాన్ని లాగుతుంది. పాత నూలు చీర ముక్కతో జానెడు సంచి కుట్టి, నాడాతో మెళ్ళో వేస్తే పైట కింద కనపడదు. జాకెట్టు ముందు హుక్కులది, చేతులు వదులుగా ఉన్నది వెయ్యండి. తల మీంచి తొడుక్కునే నైటీలు ఈ నెల రోజులూ వద్దు.

డ్రెయిన్ తీశాక కూడా కొంచెం నీరు చేరొచ్చు. నీళ్ళ సంచిలా కదులుతుంటే సర్జన్ గారు సూదితో తీసేస్తారు, రెండు మూడుసార్లు తీయాల్సి వచ్చినా భయం లేదు. ఊళ్ళో ఎవరి చేతా తీయించకండి. కుట్ల మీద పసుపు, పసరు, కొబ్బరినూనె ఏదీ పెట్టనివ్వకండి.

పథ్యం గురించి గట్టిగా చెప్పాలి. పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డూ చేపా పనికిరావనీ పెద్దవాళ్ళు చారన్నం మీద ఉంచేస్తారు. గాయం మానడానికి కావలసింది సరిగ్గా ఆ మాంసకృత్తులే. మీరు చెప్తే అమ్మ వినకపోవచ్చు. మొదటి చెకప్‌లో అమ్మ ఎదురుగానే డాక్టరు గారిని అడగండి: "పప్పు, గుడ్డు, చేపల పులుసు పెట్టొచ్చాండీ?" ఆయన నోటి నుంచి వస్తే ఇంటికెళ్ళాక పెద్దమ్మ కూడా ఒప్పుకుంటుంది.

ప్రయాణం

కాలవ గట్టు రోడ్ల మీద ఆటో కుదుపులు కుట్ల దాకా తెలుస్తాయి. మొదటి నెల వీలైతే కారు మాట్లాడుకోండి. మన కార్లలో డ్రైవరు పక్క సీటు బెల్టు ఎడమ భుజం మీంచి దిగుతుంది, ఎడమ వైపు ఆపరేషన్ అయితే డ్రైవరు వెనక సీటు మేలు. బెల్టు మానెయ్యకండి, బెల్టుకీ ఛాతీకీ మధ్య మడిచిన తువ్వాలు పెట్టండి. చంక కింద చిన్న దిండు ఉంటే చెయ్యి ఆనించుకోవచ్చు. బస్సయితే ఆపరేషన్ అయిన వైపు కిటికీ వైపుకి రావాలి, నడవ వైపు ఉంటే ఎక్కే దిగేవాళ్ళ మోచేతులు తగులుతాయి. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించేటప్పుడు ఆ చేత్తో రెయిలింగు పట్టుకోనివ్వకండి, మీరే ఆ పక్కన నడవండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద చూసుకోవాలి. కాజ్‌వేలు మునిగితే లంక ఊళ్ళు కదలలేవు, కీమో తేదీ ఆగదు. హెచ్చరిక వినపడగానే రెండు రోజులు ముందే పట్నంలో ఉన్న చుట్టాలింటికి అమ్మని చేర్చండి.

పరగడుపున రమ్మన్నారా లేదా అన్నది విడిగా అడగండి. మామూలు చెకప్‌కి, కీమో ముందు చేసే రక్తపరీక్షలకి సాధారణంగా తిని వెళ్ళొచ్చు. షుగరు ఉన్న అమ్మని అనవసరంగా పస్తుంచి, పదకొండింటికి ఓపీ వరసలో కళ్ళు తిరిగేలా చేస్తున్నారు చాలామంది. ఇడ్లీయో పెరుగన్నమో డబ్బాలో, నీళ్ళసీసా, మధ్యాహ్నం మాత్రలు సంచిలో ఉండాలి.

డాక్టరు గారి గదిలో

ముందు రోజు రాత్రి అమ్మనే అడగండి: "రేపు డాక్టరు గారిని ఏం అడుగుదాం?" ఆవిడ చెప్పిన ప్రశ్న మొదట రాయండి, మీవి తర్వాత. మూడు దాటితే ముఖ్యమైనవి మూడే పైన ఉంచండి. ఓపీలో దొరికేది కొద్ది నిమిషాలు, నాలుగోది నర్సు గారిని అడగొచ్చు.

లోపల అమ్మ రోగి కుర్చీలో, మీరు పక్కన. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే జవాబు అమ్మే చెప్పాలి. "బానే ఉందండి" అనేసి నొప్పి మింగేస్తే, అప్పుడు నోటుపుస్తకం తీసి "మంగళవారం రాత్రి నొప్పికి నిద్ర పట్టలేదండి" అని తేదీతో చెప్పండి. డాక్టరు గారు చెప్పింది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే ఈ మాత్ర రాత్రి అన్నం తిన్నాక, అయిదు రోజులు, అంతేనాండీ?" తప్పుగా అర్థమైతే అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఫోన్లో రికార్డు చేసుకోవాలంటే అడిగి చెయ్యండి.

కట్టు విప్పేటప్పుడు లోపల ఎవరుండాలో కూడా అమ్మ ఇష్టమే. కొడుకు ఎదుట సిగ్గుపడి కట్టు సరిగా చూపించని అమ్మలున్నారు. కొడుకే తోడు వెళ్తే "సిస్టర్ గారిని పిలవండి, నేను బయటుంటాను" అనడం మర్యాద. ఆ మచ్చని అమ్మ మొదటిసారి చూసుకునేది చాలాసార్లు ఆ డ్రెస్సింగ్ గదిలోనే. చూడనంటే బలవంతం చెయ్యకండి, ఇంకో రోజు చూసుకుంటుంది.

ఇంకొక్క మాట. "అమ్మకి కేన్సరని చెప్పకండి" అని డాక్టరు గారికి చీటీ పంపే అలవాటు మన వైపు ఇంకా ఉంది. ప్రేమతోనే చేస్తారు. కానీ కీమో వార్డు బోర్డు అమ్మ చదువుతుంది, పక్క మంచం ఆవిడ చెప్పేస్తుంది. ఏ జబ్బుకో తెలియని మనిషి జుట్టు ఊడిపోయే మందుని ఎందుకు ఓర్చుకుంటుంది? తెలియనివ్వండి. "నాకు వివరాలొద్దు, మీరే చూసుకోండి" అని ఆవిడే అంటే అప్పుడు సరే.

బయాప్సీ రిపోర్టు చదవడం

ఆపరేషన్‌లో తీసిన ముక్కని కొన్ని చిన్న ఆసుపత్రుల్లో డబ్బాలో పెట్టి ఇంటివాళ్ళ చేతికే ఇచ్చి ల్యాబుకి పంపుతారు. ముక్క ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా పోసే మందునీళ్ళు) మునిగి ఉందో లేదో, డబ్బా మీద పేరు, ఏ వైపు, తేదీ ఉన్నాయో చూసి అదే పూట ఇచ్చెయ్యండి. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఇస్తే హార్మోన్ పరీక్షలు తప్పుగా రావచ్చు, ఆ తప్పు మీద అయిదేళ్ళ మందు ఆధారపడి ఉంటుంది.

రిపోర్టులో మీరు వెతకాల్సినవి కొన్నే. గడ్డ పరిమాణం సెంటీమీటర్లలో. గ్రేడు 1, 2, 3: కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పేది, ఇది స్టేజీ కాదు, స్టేజీ అంటే జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది, గ్రేడు 3 అని చూసి మూడో స్టేజీ అనుకుని ఏడవకండి. మార్జిన్: కోసిన అంచుల్లో కణాలు మిగిలాయా లేదా. గ్రంథులు 2/14 అని ఉంటే పద్నాలుగు తీస్తే రెండింటిలో జబ్బు ఉందని. తర్వాత ఈఆర్, పీఆర్, అంటే కేన్సర్ కణాలు హార్మోన్లకి స్పందిస్తాయా లేదా అని చూసే పరీక్షలు: ఇవి పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి, ఇక్కడ పాజిటివ్ అన్నది మంచి మాటే. హెర్2 అన్నది కణాల మీద ఉండే ఒక ప్రోటీను, దాని దగ్గర 0 లేదా 1+ అంటే నెగెటివ్, 3+ అంటే పాజిటివ్. 2+ అంటే తేలలేదని, ఫిష్ అనే ఇంకో పరీక్ష కావాలి. ఆ 2+ దగ్గర ఆగిపోయిన రిపోర్టుతో కీమో మొదలుపెట్టబోతుంటే "ఫిష్ పరీక్ష చేయించాలాండీ?" అని తప్పకుండా అడగండి. హెర్2 పాజిటివ్ అయితే మూడు వారాలకోసారి సుమారు ఏడాది పాటు వేరే ఇంజెక్షను ఉంటుంది.

ల్యాబు నుంచి మైనపు బ్లాకులూ (తీసిన ముక్కని మైనంలో పోతపోసి దాచినవి), మైక్రోస్కోపులో చూసే గాజు స్లైడులూ ఎలా తీసుకోవాలో కనుక్కోండి. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రికి, విశాఖ అగనంపూడికి, రెండో అభిప్రాయానికి వెళ్తే వాటినే మళ్ళీ చూడాల్సి రావచ్చు. బ్లాకులు మైనంతో చేసినవి, మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టకండి.

ఈ రిపోర్టు రాగానే కీమో డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కీమో అవసరమైతే గాయం మానాక, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుపెడతారు. "సంక్రాంతి వెళ్ళాక చూద్దాం, మూఢం పోయాక చూద్దాం" అంటూ మూడు నెలలు దాటించడం ప్రమాదం.

ఆ చెయ్యి

చంకలో గ్రంథులు తీస్తే ఆ చేతిలో నీరు తిరిగి వెళ్ళే దారులు తగ్గుతాయి. నెలలకో, ఏళ్ళకో కూడా చెయ్యి వాయొచ్చు. గోదావరి జిల్లాల్లో దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మనకి బోదకాలు తరతరాలుగా తెలుసు, కాబట్టి వాచిన చెయ్యి చూడగానే "బోద దిగింది" అని తీర్మానించి బోద మాత్రలు మింగిస్తారు. ఇది దోమ వల్ల వచ్చిన వాపు కాదు, ఆ మాత్రలతో తగ్గదు. ఈలోపు ఫిజియోథెరపీ, కట్టు, బిగుతు తొడుగు బాగా పనిచేసే తొలి నెలలు పోతాయి.

అందుకే టేపుతో కొలవండి. మోచేతి ముడత నుంచి పది సెంటీమీటర్లు పైన, పది కింద, రెండు చేతులూ, నెలకోసారి, ఒకే పూట. మొదటి కొలత డ్రెయిన్ తీసిన వారంలోనే తీసి ఉంచండి. ఒక చోట రెండు సెంటీమీటర్ల తేడా పెరిగితే, లేదా గాజులు, ఉంగరం బిగుతయ్యాయని అమ్మ అంటే సర్జన్ గారికి చూపించండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షను, అదే రోజు వెళ్ళాలి.

బీపీ, రక్తం తీయడం, సెలైన్ ఇవన్నీ రెండో చేతికే చేయమని ప్రతిచోటా చెప్పండి. నీరసంగా ఉందని ఊళ్ళో గ్లూకోజు ఎక్కించే చోట మరీ ముఖ్యం. గడ్డి కోత, చేపలు తోమడం, ముళ్ళ పని ఆ చేత్తో చేస్తే గ్లవ్సు ఉండాలి. గీసుకుంటే సబ్బుతో కడిగి మందు రాయాలి.

అలాగని చెయ్యి కట్టేసుకుని కూర్చుంటే భుజం బిగిసిపోతుంది, రేడియేషన్‌కి చెయ్యి తల పైకి ఎత్తి పడుకోవాలి, అప్పుడు ఎత్తలేక ఏడుస్తారు. మొదటి రోజుల నుంచే గుప్పిట మూసి తెరవడం, మోచెయ్యి వంచడం. డ్రెయిన్ ఉన్నన్నాళ్ళూ భుజం ఎత్తు దాటనివ్వకండి. తీశాక సర్జన్ గారు సరేనంటే గోడ వైపు నిలబడి వేళ్ళతో పాకిస్తూ పైకి, చేరిన చోట పెన్సిల్ గీత, రోజూ ఒక వేలు ఎత్తు. తన జడ తనే వేసుకోగలిగితే చాలావరకు దారిలో పడినట్టే.

కీమో, రేడియేషన్ రోజులు

ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అది దాటి గానీ ఉంటే పారాసెట్మాల్ ఇచ్చి తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే బయల్దేరాలి. ఎంత దూరమో, రాత్రి బండి ఎవరిదో ముందే మాట్లాడి ఉంచండి. వెళ్ళగానే "కీమో అయి తొమ్మిదో రోజు, జ్వరం" అని మొదటి వాక్యంలోనే చెప్పాలి.

కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగరు రెండు మూడు రోజులు పెరుగుతుంది, షుగరు మందు మార్చాలా అని ముందే అడగండి. కొన్ని మందులకి ముందు గుండె ఎకో పరీక్ష తప్పనిసరి, హెర్2 ఇంజెక్షను నడుస్తున్నంత కాలం సుమారు మూడు నెలలకోసారి ఉంటుంది. ఆ రిపోర్టు తేదీ ఫైలు మీద రాయండి. ఆయుర్వేదం, కషాయం, పసరు ఏది వాడుతున్నా కీమో డాక్టరు గారికి చెప్పాలి, ఆయన విసుక్కున్నా సరే.

రేడియేషన్ చాలామందికి వారానికి అయిదు రోజుల చొప్పున మూడు వారాలు, కొందరికి అయిదు వారాలు. ఒక్కో పూట పని నిమిషాల్లోనే, రోజూ రాను పోను మాత్రం మనిషిని పీల్చేస్తుంది, పట్నంలో గది తీసుకోవడం మంచిది. మధ్యలో సెలవలు, మిషను మరమ్మతు వస్తే ఆ పూటలు ఎలా సర్దుతారో అడగండి. గుర్తులు పెట్టిన చోట సబ్బు, పౌడరు, వాళ్ళు చెప్పని క్రీము రాయకండి.

మాత్రల ఏళ్ళు

ఈఆర్, పీఆర్ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్ర (టామోక్సిఫెన్ గానీ లెట్రోజోల్ లాంటిది గానీ) రోజూ ఒకటి, కనీసం అయిదేళ్ళు. ఒంట్లో బాగానే ఉందని రెండో ఏడు మానేసేవాళ్ళు ఎక్కువ. టామోక్సిఫెన్ వాడే అమ్మకి ముట్లు ఆగాక మళ్ళీ రక్తస్రావం కనిపిస్తే, పిక్క వాచి నొప్పెడితే ఆగకుండా చూపించాలి. నిద్రకో దిగులుకో ఎవరైనా మందు రాస్తే టామోక్సిఫెన్ పేరు చెప్పండి, కొన్ని దాని పనిని తగ్గిస్తాయి. లెట్రోజోల్ అయితే ఎముకలు పలచబడతాయి, ఎముకల స్కాన్, కాల్షియం గురించి అడగండి.

మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత రెండేళ్ళు ఆరు నెలలకో ఏడాదికో చెకప్, ఆపైన ఏడాదికోసారి. రెండో రొమ్ముకి ఏటా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే. ఏ లక్షణమూ లేనప్పుడు ఏటా పెట్ స్కాన్ అవసరం లేదు. ఎముక నొప్పి, ఆగని దగ్గు, మచ్చ మీద గింజ, మెడలో గడ్డ, ఇవి రెండు వారాలు దాటి ఉంటే తేదీ కోసం ఆగకుండా వెళ్ళాలి. అమ్మకి చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయ కేన్సర్ ఉన్నా జన్యు పరీక్ష గురించి, కూతుళ్ళు ఎప్పటి నుంచి పరీక్ష చేయించుకోవాలన్నదీ ఒకసారి అడిగి, జవాబు కుడి పేజీలో రాసుకోండి.